ఎవరూ అడగని పెళ్ళి

సంకే ఏటి ఒడ్డు, బట్టంబంగ్
నవంబరు, వానలు వెనకబట్టిన వారం

మలీస్ అమ్మకు,

నువ్వు మలీస్ పురిటికని నామ్‌పెన్ వెళ్ళిన మర్నాటినుంచీ ఈ ఇంట్లో ఏ వస్తువూ తన చోట ఉండనంటోంది. ఉప్పు డబ్బాలో చక్కెర దొరికింది. చక్కెర డబ్బాలో ఏముందో ఇంకా చూడలేదు, ధైర్యం చాలక.

ఫోన్ చెయ్యమని మలీస్ పోరుతోంది. నా చెవుల సంగతి నీకు తెలుసు. మొన్న అది "అమ్మ బాగుంది" అంటే నాకు "అమ్మ వాగులో ఉంది" అని వినబడి వీధి వీధంతా కంగారు పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం. నామ్‌పెన్ వ్యాను నడిపే విథూ చేతికి ఇస్తున్నాను. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు.

సేమ్యా వ్యాపారం ఆపలేదు. పిండి నానబెట్టడం, రుబ్బడం వరకూ నాకు వచ్చు. అచ్చులోంచి మరుగుతున్న నీళ్ళలోకి వత్తేటప్పుడే తాళ్ళలా రావలసినవి బొంతల్లా వస్తున్నాయి. బడి పిల్లలు "అవ్వ ఎప్పుడొస్తుంది తాతా?" అని రోజూ అడుగుతున్నారు. నా సేమ్యా తిన్నప్పటినుంచి మరీ గట్టిగా అడుగుతున్నారు.

అసలు సంగతి ఇది. వణ్ణీ టీచరమ్మ నిన్న మనింటికి వచ్చింది. పెద్ద తరగతి పిల్లలకు పోల్ పాట్ మన దేశాన్ని ఏలిన కాలం గురించి పాఠం ఉందట. పాఠం చదివారు, పరీక్షకు బట్టీ పట్టారు, నమ్మలేదట. ఒకడైతే "అంత ఆకలేస్తే చెరువులో చేపలు పట్టుకోవచ్చుగా టీచర్" అన్నాడట. చేప పట్టినందుకు మనుషుల్ని ఏం చేశారో వాడికి ఎవరు చెప్పారు గనక! వాళ్ళ తాతలు చెప్పలేదు. మనమూ మలీస్‌కి చెప్పలేదు కదా.

"మీరొచ్చి పిల్లలతో మాట్లాడండి తాతగారూ. నేను రికార్డు చేసి నామ్‌పెన్‌లో సాక్ష్యాలు భద్రపరిచే కేంద్రానికి పంపుతాను. మీ తరవాత కూడా ఉంటుంది" అంది. నా తరవాత ఏముండాలో నేనెప్పుడూ ఆలోచించలేదు. సరే అన్నాను. ఏ చొక్కా వేసుకోవాలి?

సంబాత్


నామ్‌పెన్
డిసెంబరు

మలీస్ నాన్నకు,

మనవరాలు పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. జుట్టు దట్టంగా ఉంది, గొంతు గట్టిగా ఉంది, ముక్కు మాత్రం మీదే. పాపం, పెద్దయ్యాక సర్దుకుంటుందిలే అని అందరూ ఓదారుస్తున్నారు.

బాలింతకు మంచం కింద నిప్పుల కుంపటి పెడదామంటే మీ కూతురు ససేమిరా అంది. "ఏసీ గదిలో కుంపటేంటమ్మా! పొగ వస్తే భవనమంతా గంటలు మోగుతాయి, మంటలార్పేవాళ్ళు వస్తారు" అంది. రానీ, వాళ్ళకీ కాస్త మిరియాల చారు పోస్తానన్నాను. చివరికి వేడినీళ్ళ సీసా నడుం కింద పెట్టుకోవడానికి ఒప్పుకుంది.

నీలం గళ్ళది వద్దు, దాని కాలరు చీకిపోయింది. తెల్ల చొక్కా ట్రంకు పెట్టెలో అడుగున ఉంది. ఇస్త్రీ చేయించండి. మీరు చెయ్యకండి.

పిల్లల్ని భయపెట్టకండి. అలాగని మరీ తేలిక చెయ్యకండి. కాలువ తవ్వకం చెప్పండి, నీళ్ళ గంజి చెప్పండి. మీ అన్నయ్య సంగతి చెప్పాలనిపిస్తే చెప్పండి. చెప్పలేకపోతే ఆగి, నీళ్ళు తాగండి. ఎవరూ తొందర పెట్టరు.

మన పెళ్ళి సంగతి మాత్రం ఎత్తకండి. అది మీ ఒక్కరిదే అయితే నేనేమీ అనను. నాది కూడా.

చక్కెర డబ్బాలో ఉన్నది చాకలి సోడా. పులుసులో వేశారేమోనని రెండు రోజులుగా నాకు మనసు మనసులో లేదు.

కుంతియా


సంకే ఏటి ఒడ్డు
జనవరి

మలీస్ అమ్మకు,

ముక్కు గురించి విన్నాను. ఆ ముక్కుతోనే ఇంతకాలం బతికాను, పిల్లా బతుకుతుంది. ఫోటో చూసి పొరుగింటి ఆవిడ "అచ్చం తాతే" అంది. నాకు చాలా గర్వమేసింది. పిల్లకు చెప్పకు.

పులుసులో వెయ్యలేదు. టీలో వేశాను. బాగానే ఉన్నాను.

బడికి వెళ్ళాను. బెంచీల నిండా పిల్లలు, కిటికీల్లో కింది తరగతి పిల్లలు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కుర్చీ అటూ ఇటూ సర్దుకున్నాను. వణ్ణీ టీచరమ్మ నెమ్మదిగా "మీ చిన్నప్పుడు ఇష్టమైన తిండి ఏంటి తాతగారూ?" అని అడిగింది. మా అమ్మ చేసే తాటిముంజల పాయసం అన్నాను. అక్కడినుంచి మాట దానంతటదే నడిచింది. తెలివైన పిల్ల.

కాలువ గురించి చెప్పాను. గంజిలో మెతుకులు ఏరుకుని లెక్కపెట్టుకోవడం చెప్పాను. అన్నయ్య గురించి కూడా చెప్పాను, కుంతియా. అతన్ని తీసుకెళ్ళిన సాయంత్రం గురించి. చేపలు పట్టుకోవచ్చుగా అన్న కుర్రాడు తల దించుకుని ఏడ్చాడు. వాడికి నీళ్ళు నేనే ఇచ్చాను.

తరవాత ఇంక ఆ బరువుతో వాళ్ళను ఇళ్ళకు పంపబుద్ధి కాలేదు. కోపగించుకోకు. పెళ్ళి సంగతి చెప్పాను.

పొద్దుగూకుతుంటే మనందర్నీ పొలంలోంచి పిలిచి వరసగా నిలబెట్టడం, అందరికీ నల్ల బట్టలే, భిక్షువు లేడు, మేళం లేదు, కన్నవాళ్ళు లేరు. "అంగ్కార్ మీకు పెళ్ళి చేస్తోంది" అన్నారని చెప్పాను. "అంగ్కార్ అంటే ఎవరు తాతా?" అన్నారు. సంస్థ అని అర్థం, దానికి మొహం ఉండదు, కళ్ళు మాత్రం అన్నిచోట్లా ఉంటాయి అన్నాను. చెయ్యి చెయ్యి పట్టుకోమంటే నేను కంగారులో నీ పక్కనున్న వంటశాల పిల్ల చెయ్యి పట్టుకోవడం, ఆమె పెళ్ళికొడుకు "కామ్రేడ్, అది నాకు కేటాయించిన చెయ్యి" అనడం చెప్పేసరికి తరగతంతా గొల్లుమంది. టీచరమ్మ కూడా పుస్తకం అడ్డం పెట్టుకుంది.

అప్పుడు నిమ్ అనే పిల్ల లేచింది. నీ దగ్గర రోజూ మిరపకాయలు ఎక్కువ వేయించుకునే పిల్ల. "తాతా, అవ్వను ఎవరైనా అడిగారా, ఇష్టమేనా అని?" అంది.

"అప్పుడు ఎవర్నీ ఏదీ అడిగేవాళ్ళు కాదమ్మా."

"అప్పుడు సరే. తరవాత?"

తరవాత మలీస్ పుట్టింది, ఇల్లు కట్టాం, సేమ్యా మొదలుపెట్టాం అన్నాను. ఆ పిల్ల కూర్చోలేదు. "అది కాదు తాతా. మీరు అడిగారా?"

గంట కొట్టారు గనక బతికిపోయాను. ఇంటికొచ్చి బాతులకు మేత వేస్తూ అదే ఆలోచిస్తున్నాను. నిన్ను నేను ఎప్పుడైనా అడిగానా?

సంబాత్


నామ్‌పెన్
జనవరి

మలీస్ నాన్నకు,

చెప్పొద్దన్నది చెప్పారు. సరే.

ఈ వయసులో ఇదేం ప్రశ్న? పిల్లకు కడుపు నొప్పి, నిద్ర లేదు. మలీస్ మీ ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని చదివి, "కేటాయించిన చెయ్యి" దగ్గర పడీపడీ నవ్వింది. ఆ తరవాత నవ్వడం ఆపి, "మీ పెళ్ళి అలా జరిగిందని నాకెప్పుడూ చెప్పలేదేమమ్మా?" అని నా మొహంలోకి చూసింది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

బాతులకు చిట్టు మరీ నానబెట్టకండి.

కుంతియా

ఆ సాక్ష్యాల కేంద్రం ఏ వీధిలో ఉందో వణ్ణీ టీచరమ్మను అడిగి రాయండి.


సంకే ఏటి ఒడ్డు
ఫిబ్రవరి

మలీస్ అమ్మకు,

నీ ఉత్తరం చిన్నది. నీ కోపం కొలత నాకు తెలుసు. కోపం వస్తే మాటలు తగ్గుతాయి, మరీ వస్తే బాతుల గురించి మాట్లాడతావు.

కేంద్రం చిరునామా వేరే కాగితం మీద టీచరమ్మే రాసిచ్చింది. ఎందుకని నేను అడగలేదు.

ఒకటి చెప్పాలి. చాలాకాలంగా నాలో ఉంది. వియత్నాం సైన్యం వచ్చి పోల్ పాట్ మనుషులు అడవుల్లోకి పారిపోయాక, అందరం ఎవరి ఊళ్ళకు వాళ్ళం నడిచి బయల్దేరాం గుర్తుందా. అంగ్కార్ కట్టిన జంటలు ఎన్నో ఆ దారిలోనే విడిపోయాయి. మన దారులు చీలేచోట నేను బియ్యం రెండు వాటాలు వేసి, కుండ నీకిచ్చి, "మీ ఊరు అటు. నిన్నెవరూ ఆపరు. నేనూ ఆపను" అన్నాను. నువ్వు వెనక్కి చూడకుండా వెళ్ళావు. పొద్దు వాలేలోగా కుండ నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చావు. "వంతెన విరిగిపోయింది. దాటడానికి లేదు" అన్నావు.

అంతే. పొయ్యి వెలిగించాం, అన్నం తిన్నాం.

ఇప్పుడు నిమ్ ప్రశ్నతో నాకు అనుమానం వచ్చింది. వంతెన ఉండి ఉంటే నువ్వు నీ దారిన పోయేదానివి. నాతో ఇంతకాలం ఉన్నది ఒక విరిగిన వంతెన వల్లేనా? అలాగే అయినా నీమీద నాకేమీ ఫిర్యాదు లేదు. ఆ వంతెనకు దణ్ణం పెట్టుకుంటాను. తెలుసుకోవాలని ఉంది, అంతే.

సేమ్యా నిన్న మొదటిసారి తాళ్ళలా వచ్చింది. చూడ్డానికి నువ్వు లేవు.

సంబాత్


నామ్‌పెన్
ఫిబ్రవరి, ఎండలు ముదురుతున్నాయి

మలీస్ నాన్నకు,

ఆ కేంద్రానికి వెళ్ళాను. మలీస్ కూడా వచ్చింది, పిల్లను గళ్ళ కండువాలో కట్టుకుని. పెద్ద భవనం అనుకుని భయపడ్డాను. తీరా చూస్తే మామిడిచెట్ల మధ్య మామూలు ఇల్లు. లోపల చల్లటి గదిలో వరసగా అలమరలు. అన్నిటిలోనూ గొంతులే ఉన్నాయట. ఎక్కడెక్కడివో, దూరాన కంపోట్‌వి, మన బట్టంబంగ్‌వి. పాత టేపులు పాడవకముందే కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారు. ఒక కుర్రవాడు చెవులకు గొట్టాలు తగిలించుకుని ఎవరిదో గొంతు వింటూ కళ్ళు తుడుచుకుని, మళ్ళీ వెనక్కి తిప్పి, ఒక్కో మాటా రాసుకుంటున్నాడు. ఎవరో ముసలామె గొంతు కోసం అంత ఓపిక. నాకు చాలా ముచ్చటేసింది.

నా మాటలు పట్టిన అమ్మాయి పేరు సొథియారీ. మీ మలీస్ ఈడుదే. "అమ్మమ్మా, ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపేస్తాను. చెప్పిన తరవాత వద్దనుకుంటే తీసేస్తాను. ఇది మీ సొత్తు" అంది. నాతో అలా ఎవరైనా మాట్లాడి ఎన్నేళ్ళయిందో.

పొద్దున్న కూర్చుంటే భోజనాల వేళ దాటింది. అమ్మ గురించి చెప్పాను. చెల్లి చన్నా గురించి చెప్పాను. జ్వరంతో కాలువ గట్టుమీద నా ఒళ్ళోనే పోయిందని చెప్పి ఆగిపోయాను. సొథియారీ మిషను ఆపేసి నా చెయ్యి పట్టుకుంది. నేనే "మళ్ళీ మిషను పెట్టు" అన్నాను. చన్నా గురించి అదొక్కటే ఉండిపోతే దానికి అన్యాయం కదా! అది గవ్వలాటలో ఎంత తొండి చేసేదో, పట్టుబడితే గవ్వ నోట్లో వేసుకుని "ఏదీ, లేదే" అని ఎలా అనేదో చెప్పాను. చెబుతుంటే నాకే నవ్వొచ్చింది. మలీస్ పక్కన కూర్చుని ఏడుస్తూ నవ్వుతోంది, నవ్వుతూ ఏడుస్తోంది. "నాకు ఇలాంటి పిన్ని ఉండేదా!" అంది. పిల్లకు చన్నా అని పేరు పెట్టాలని అక్కడే, ఆ గదిలోనే తేల్చేసింది. దాని మొగుణ్ణి ఇంకా అడగలేదు.

ఇక మీ వంతెన సంగతి. దానికి కూడా జవాబు చెప్పాను. మీకు మాత్రం రాయను. పెళ్ళి సంగతి మీరు పిల్లల ముందు పెట్టారు కదా, జవాబు కూడా వాళ్ళతో కలిసి కూర్చుని వినండి. రికార్డు వణ్ణీ టీచరమ్మకు పంపమని సొథియారీకి అనుమతి ఇచ్చాను, సంతకం చేసి మరీ.

తెల్ల చొక్కా వేసుకోండి.

కుంతియా


సంకే ఏటి ఒడ్డు
మార్చి

కుంతియాకు,

తొందర తొందరగా రాస్తున్నాను. అక్షరాలు చూసి నవ్వకు.

నాకు వినబడాలని వణ్ణీ టీచరమ్మ గుడిలోంచి మైకు పెట్టె అడిగి తెచ్చింది. తరగతి గదికి అది మరీ పెద్దది. నీ గొంతు గదిలోంచి, కిటికీలోంచి, ఏరు దాటి అవతలి గట్టు దాకా వెళ్ళింది. బజారులో కూరగాయలవాళ్ళు బేరాలు ఆపేశారట. భిక్షువులు గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

చన్నా కథకు పిల్లలు ఎంత నవ్వారో చెప్పలేను. వాళ్ళకు అది తమ తరగతిలో పిల్లలా అనిపించింది. అందుకే, ముందు విన్న కాలువ గట్టు సంగతి అప్పుడు మళ్ళీ గుర్తొచ్చి అంత దెబ్బ తిన్నారు. పాఠంలోని ఆ పేజీ వాళ్ళు ఇప్పుడు వేరేగా చదువుతున్నారని టీచరమ్మ చెప్పింది.

ఆ తరవాత నువ్వు వంతెన దగ్గరికొచ్చావు.

"వంతెనకేమీ కాలేదమ్మా. ఏనుగు నడిచినా విరిగేది కాదు. నేను సగం దాకా వెళ్ళాను కూడా" అన్నావు. నేను పక్కనున్న పిల్లాణ్ణి "ఏమంది? ఏమంది?" అని గుంజాను. నాకు వినబడక కాదు.

ఆ తరవాత నువ్వు చెప్పింది నేను పూర్తిగా మరిచిపోయిన సంగతి. పెళ్ళయిన కొత్తలో, కొత్త జంటలు కాపురం చేస్తున్నారా లేదా అని గుంజల మీద కట్టిన గుడిసెల కింద కూర్చుని వినే అంగ్కార్ మనుషులు ఉండేవారు కదా. నువ్వు గోడవైపు తిరిగి బిగుసుకుపోయి ఉండేదానివి. నిన్ను ముట్టుకోబుద్ధి కాలేదు, కిందివాడు వెళ్ళడు. అందుకని, మనం బాగానే ఉన్నామని వాడు అనుకోవాలని నేను గట్టిగా బాతుల గురించి మాట్లాడేవాణ్ణి. "మనకు బాతులు ఉంటే పెద్దదానికి రాణీగారని పేరు పెడదాం. కుంటిదానికి కమాండర్ అని పెడదామా? వద్దులే, కమాండర్‌కి కోపం వస్తుంది." నువ్వు కండువా నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకునేదానివట! నాకు తెలియదు. ఏడుస్తున్నావనుకునేవాణ్ణి.

"వంతెన మధ్యలో నాకు కమాండర్ బాతు గుర్తొచ్చింది. ఒక్కదాన్నే నిలబడి నవ్వాను. అవతల మా ఊళ్ళో నా అనేవాళ్ళు ఎవరూ మిగల్లేదు, అది తెలుసు. దానివల్ల వెనక్కి రాలేదు. ఒంటరిగానైనా బతకగలను. అమ్మ పోయాక నన్ను నవ్వించినవాడు ఒక్కడే, వాడు వెనక ఉన్నాడు. అందుకు వచ్చాను. వచ్చి, నీ కోసం వచ్చానని ఎలా చెప్పను? సిగ్గేసింది. నేరం వంతెన మీదికి తోసేశాను."

తరగతి గదిలో బెంచీలు విరుగుతాయేమో అనుకున్నాను. నిమ్ బల్ల ఎక్కి చప్పట్లు కొట్టింది. టీచరమ్మ దింపలేదు. బయట కూరగాయల ఆవిడ "ఓయ్ బాతుల పెళ్ళికొడకా!" అని కేక పెట్టింది. ఇప్పుడు ఊళ్ళో నా పేరదే. భిక్షువులు కూడా అదే పేరుతో పిలుస్తున్నారని విథూ అంటాడు, వాడి మాట నమ్మలేం.

నేను ఏడ్చాను. అందరి ముందూ. బాగుంది.

ఇప్పుడు అడుగుతున్నాను కుంతియా. బియ్యం వాటా వేసినప్పుడు అడగాల్సింది, తోచలేదు. నన్ను పెళ్ళి చేసుకుంటావా? మేళంతో, భిక్షువుల దీవెనతో, జుట్టు కత్తిరించే వేడుకతో, మణికట్టుకు ఎర్రదారాలతో. నిదానంగా ఆలోచించు. వద్దంటే వద్దు. నువ్వు వద్దన్నా మన ఇంట్లో ఏదీ మారదు, నీ కుర్చీ నీదే, నా సేమ్యా నాదే. ఇష్టమైతేనే.

సంబాత్


సంకే ఏటి ఒడ్డు
మార్చి చివర

కుంతియాకు,

విథూ వ్యాను వచ్చినప్పుడల్లా ఖాళీ చేతులే చూపిస్తున్నాడు. తొందర పెట్టడం లేదు. నిదానంగా ఆలోచించమన్నది నేనే. ఇంత నిదానంగానా అని నిమ్ అడుగుతోంది, నేను కాదు.

సంబాత్


నామ్‌పెన్
ఏప్రిల్, కొత్త సంవత్సరం ముందు

సంబాత్‌కు,

పేరు పెట్టి రాస్తున్నాను. నువ్వు అంటున్నాను. ఇన్నేళ్ళూ మలీస్ నాన్నకు రాశాను, ఈ ఉత్తరం పెళ్ళాడమని అడిగినవాడికి.

ఆలస్యం ఊరికే చెయ్యలేదు. ఆ కేంద్రానికి మళ్ళీ వెళ్ళాను. సొథియారీని అడిగి, నాలాగే పెళ్ళిళ్ళయిన ఆడవాళ్ళ గొంతులు విన్నాను. అనుమతి ఇచ్చినవాళ్ళవే. వాళ్ళకు బాతుల గురించి మాట్లాడే మొగుడు దొరకలేదు, సంబాత్. కాదనే వీలు లేక నరకం పడ్డవాళ్ళు ఉన్నారు. ఒకామె దారి చీలగానే పరుగెత్తి పారిపోయిందట, ఆ పరుగు గురించి చెబుతుంటే ఆమె గొంతు పాతికేళ్ళ పిల్ల గొంతులా ఉంది. నాకు ఎంత సంతోషమేసిందో. నిమ్‌కీ మిగతా పిల్లలకీ వాళ్ళ మాటలు కూడా వినిపించమని వణ్ణీ టీచరమ్మకు చెప్పు. మనది ఒక్కటే విని, ఆ పెళ్ళిళ్ళు సరదాగా ఉండేవని వాళ్ళు అనుకోకూడదు. నేను కూడా బడికి వస్తాను. బెంచీ మీద కూర్చుంటాను, ఏమడిగినా చెబుతాను.

ఇంకో కారణం కూడా ఉంది. నువ్వు అడిగాక నాకు ఆలోచించుకోవడం ఎలాగో తెలియలేదు. ఎప్పుడూ చేసిన పని కాదు. మూడు నాలుగు రోజులు ఊరికే అటూ ఇటూ తిరిగాను, అవునందామా కాదందామా అని. రెండూ నా చేతిలోనే ఉన్నాయి. అబ్బ, ఎంత బాగుందో! అందుకే ఇంకొన్ని రోజులు కావాలనే సాగదీశాను. నువ్వు అక్కడ గుమ్మంలో నిలబడి విథూ వ్యాను కోసం చూస్తుంటావని తెలిసి కూడా.

పిల్ల పేరు ఖాయమైంది. చన్నాయే. అల్లుడు మంచివాడు, వెంటనే ఒప్పుకున్నాడు. పండక్కి అందరం వస్తున్నాం.

నిన్న మధ్యాహ్నం పిల్లకు స్నానం చేయిస్తూ, "మీ అమ్మమ్మకు పెళ్ళే చన్నా" అన్నాను. మలీస్ పక్క గదిలోంచి, "పెళ్ళికొడుకెవరమ్మా?" అని అరిచింది. ఎవరో బట్టంబంగ్ ఆయన, ముక్కు కాస్త పెద్దది, సంబంధం చూస్తున్నాం, ఇంకా మాట ఇవ్వలేదు అన్నాను.

ఇప్పుడు ఇస్తున్నాను. నువ్వు అడిగావు, నాకు ఇష్టమే.

కుంతియా